ఏమీ మార్చలేదు సార్!

నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ ఒక వరుసలో నిలబెడితే, ఆ వరుస జగ్గయ్యపేట బస్టాండులో మొదలై చిల్లకల్లు అడ్డరోడ్డు దాకా సాగుతుంది. మధ్యలో ట్రాఫిక్కు ఆపడానికి ఒక కానిస్టేబుల్ని కూడా పెట్టాల్సి వస్తుంది. వాటిలో చాలావాటికి నష్టపోయింది నేనొక్కణ్ణే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. ఇందులో ఒక పంతులమ్మగారి బతుకు ఒక మధ్యాహ్నమంతా నా ఒళ్లో ఉంది. మాటవరసకి అనడం లేదండి. నిజంగానే ఒళ్లో, ఒక రేకు డబ్బాలో, పల్లెవెలుగు బస్సులో, కిటికీ పక్క సీట్లో. ఆవిడ ఆ రోజు నన్ను ఆ కిటికీలోంచి బయటికి విసిరెయ్యలేదు కాబట్టే మీకీ సంగతి చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఆరో, ఏడో సంవత్సరం. ఇంటర్నెట్టును గంటల లెక్కన వాడుకునే రోజులు. పేట బస్టాండు ఎదురు సందులో, మందుల షాపు పైన, మాది పది కంప్యూటర్ల నెట్ సెంటర్. మాది అంటున్నాను గానీ అందులో నాదంటూ ఉన్నది నా చెప్పుల జత ఒక్కటే. యజమానులు ఇద్దరు, ఖాదర్ గారు, శేషగిరిరావు గారు. ఒకాయన లారీల బ్రోకరు పని మానేసి వచ్చారు, ఇంకొకాయన ఎరువుల దుకాణం కొడుక్కి అప్పజెప్పి వచ్చారు. ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే గోడ దూకి బడి ఎగ్గొట్టిన స్నేహం వాళ్లది. ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు. ఇద్దరికీ కంప్యూటర్ ఆన్ చెయ్యడం వచ్చు. ఆఫ్ చెయ్యడానికి నన్ను పిలిచేవారు.

నా పేరు కోటేశ్వరరావు. అందరికీ కోటి. అప్పటికి ఇరవై మూడేళ్లు. నందిగామలో డిగ్రీ చదివేటప్పుడు మా భాస్కర్ మాస్టారి దగ్గర, విండోస్ లాగా కంప్యూటర్ని నడిపించే లినక్స్ నేర్చుకున్నాను. మొత్తం మీద ఓ పాతిక కమాండ్లు వచ్చాయి. "పాతిక కమాండ్లు వచ్చినవాడంత ప్రమాదకరమైనవాడు ఇంకొకడు ఉండడురా" అని ఆయన నా వైపు చూసి అనేవారు. నేను దాన్ని మెచ్చుకోలనుకుని నవ్వేవాణ్ణి.

మా సెంటర్లో ఓ మూల బల్ల కింద ఒక సీపీయూ ఉండేది. దాన్ని మేం గౌరవంగా సర్వర్ అనేవాళ్లం. పది కంప్యూటర్లకీ నెట్ దాని గుండానే రావాలి. వచ్చినవాళ్ల ఫోటోలు, కాగితాలు, ఫారాలు అన్నీ దానిలోనే దాచేవాళ్లం. అందులో లినక్స్ వేసింది నేనే. దాన్ని ఒక్కసారి కూడా ఆపకుండా నెలల తరబడి నడిపింది కూడా నేనే. "మా సర్వర్ ఆగదండి" అని వచ్చిన ప్రతివాళ్లకీ, వాళ్లు అడక్కపోయినా, జిరాక్సు కోసం పొరపాటున మెట్లెక్కి వచ్చినవాళ్లకి కూడా చెప్పేవాణ్ణి.

సామ్రాజ్యం టీచర్ గారికీ చెప్పాను. కొంప అక్కడ అంటుకుంది.

ఆవిడ పేట శివార్లలోని ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నారు. గవర్నమెంటు టీచరు ఉద్యోగానికి అంతకుముందు రెండుసార్లు రాశారు. రెండుసార్లూ వెంట్రుకవాసిలో పోయింది. ఈసారి దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టమన్నారు. వచ్చే నోటిఫికేషన్ నాటికి ఆవిడ వయసు దాటిపోతుంది.

"చూడు బాబూ, నాకిదే ఆఖరు" అన్నారావిడ మొదటి రోజే, కౌంటరు మీద చేతిసంచీ పెట్టి. "ఇది తప్పితే నేను రిటైరయ్యే దాకా ఆ రేకుల షెడ్డులోనే ఎక్కాలు చెప్పుకోవాలి. జాగ్రత్తగా చెయ్యి."

"మీరు గుండె మీద చెయ్యేసుకుని పడుకోండి టీచర్ గారూ."

ఫారం నింపాను. దరఖాస్తు నంబరు వచ్చింది. ఫోటో, సంతకం స్కాన్ చేశాను. అవి ఎక్కించబోతే వెబ్‌సైటు మొరాయించింది. రాష్ట్రం మొత్తం దాని మీద పడి ఉంది మరి. మూడు రోజులు అదే తంతు.

"పోనీ ఆ నంబరన్నా ఒక కాయితం మీద రాసివ్వు బాబూ."

"కాయితం పోద్దండి. మీ పేరు మీద సర్వర్లో ఫోల్డర్ పెట్టి అందులో దాచా. అది పోదు."

"ఆ నంబరు లేకపోతే?"

"మీ ఫారం మళ్లీ తెరుచుకోదు. కొత్తగా నింపుదామన్నా, ఒకసారి ఎక్కిన పేరుని మళ్లీ తీసుకోదు. అందుకే కదండీ అంత భద్రంగా పెట్టింది!"

లెక్కల టీచరు కదా, పదంకెల నంబరు ఎక్కడో ఒకచోట రాసుకోవచ్చుగా అని మీకు అనిపించవచ్చు. నిజమే. కానీ నేను చెప్పిన తీరు మీరు చూడలేదు. అంత ధీమాగా చెబితే ఆర్డీవో గారైనా కలం జేబులో పెట్టేసుకుంటారు.

ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రం అయిదు గంటలకు దరఖాస్తులు మూసేస్తారు. టీచర్ గారు ఒంటిపూట సెలవు పెట్టి పన్నెండున్నరకల్లా వచ్చారు. అదృష్టం చూడండి, ఆ రోజు వెబ్‌సైటు చకచకా నడుస్తోంది. ఫోటో ఎక్కించి, చివర ఒక్క బొత్తాం నొక్కితే అయిపోతుంది. "కూర్చోండి, అయిదు నిమిషాలు" అని కుర్చీ లాగి వేశాను.

కరెంటు పోయింది.

"కంగారు పడకండి, సర్వర్‌కి యూపీఎస్ ఉంది" అన్నాను. యూపీఎస్ రెండు కూతలు కూసి ప్రాణం విడిచింది. నెలల తరబడి ఆగని సర్వర్ ఆగింది. ఆ మూల నుంచి వినిపించే గుయ్యిమనే చప్పుడు ఒక్కసారిగా లేకుండా పోయేసరికి గదిలో ఎవరో లేచి వెళ్లిపోయినట్టనిపించింది.

ఒంటిగంటా పదికి కరెంటు వచ్చింది. పది కంప్యూటర్లూ లేచాయి. నెట్ మాత్రం లేదు. ఒక మానిటర్ పట్టుకెళ్లి సర్వర్‌కి తగిలించాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పరిగెత్తి, ఓ చోట ఆగిపోయాయి. స్విచ్‌రూట్ దగ్గర మౌంట్ ఫెయిల్డ్ అని ఉంది. దాని కింద కెర్నల్ పానిక్ అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"పానిక్ అంటే భయపడ్డం కదుట్రా?" అన్నారు ఖాదర్ గారు నా భుజం మీంచి తొంగిచూసి. "దానికేం భయం?"

"అదేనండీ చూస్తున్నా."

మీకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. లినక్స్ నిద్ర లేచేటప్పుడు తిన్నగా అసలు ఇంట్లోకి రాదు. ముందు మెమరీలో ఒక చిన్న పందిరి వేసుకుని అందులో దిగుతుంది. అక్కడ నిలబడి, డిస్కులో ఉన్న అసలు ఇల్లు ఏదో వెతుక్కుని, తలుపు తీసి, సామానంతా అందులోకి మార్చి, పందిరి పీకేస్తుంది. ఆ అసలు ఇంటిని రూట్ అంటారు. మన సొమ్మంతా ఉండేది అందులోనే. నా సర్వర్ పందిట్లోకి వచ్చింది, ఇల్లు కనబడక నడివీధిలో కూలబడింది. టీచర్ గారి పదంకెల నంబరు ఆ ఇంట్లో ఉంది.

ఇదంతా ఇప్పుడు ఇంత తీరిగ్గా చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఆపి మళ్లీ ఆన్ చెయ్యడం. ఏడుసార్లు చేశాను. ఏడుసార్లూ అదే చోట ఆగింది. మూత విప్పి, మెమరీ ముక్క పీకి, పెన్సిలు రబ్బరుతో తోమాను. ఆ రోజుల్లో మా జిల్లాలో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ముందు అదే చేసేవాళ్లం. కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాను. శేషగిరిరావు గారు కండువాతో దుమ్ము దులిపారు. ఖాదర్ గారు పైన రెండు దెబ్బలు వేశారు.

"ఆగు బావా, అదేమన్నా లారీ ఇంజనా?"

"ఇంజన్లన్నీ ఒకటే బావా. దెబ్బ పడితేనే కదుల్తాయి."

"ఏమైంది బాబూ?" అని టీచర్ గారు కుర్చీలోంచి అడుగుతున్నారు. "ఏం లేదండి, లేస్తంది" అని నేను బల్ల కింద నుంచి అంటున్నాను. గోడ గడియారంలో ఒకటీ నలభై. ఆవిడ నన్ను చూడడం మానేసి గడియారాన్ని చూడడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నందిగామకి, భాస్కర్ మాస్టారికి ఫోన్ చేశాను.

"సార్, నేను కోటిని. సర్వర్ లేవట్లా."

"ఏమంటోంది?"

తెర మీదున్నది చదివాను.

"రూట్ దొరకట్లేదంటోంది. ఇన్నాళ్లూ బానే నడిచిందిగా? ఏం మార్చావ్?"

"ఏమీ మార్చలేదు సార్."

"ఆలోచించుకుని చెప్పు. కెర్నల్ మార్చావా? పార్టిషన్లు గానీ కదిపావా?"

"అబ్బే, చెయ్యే పెట్టలేదు సార్."

ఆ అబ్బే ఎంత హాయిగా, ఎంత కమ్మగా వచ్చిందంటే, నాకే ముచ్చటేసింది. మాస్టారు నమ్మారు. నమ్మడమే కొంప ముంచింది.

"ఏమీ మార్చకుండా ఇలా అయిందంటే డిస్కు పోతున్నట్టేరా. ఇంక ఆన్ చెయ్యకు. చేసినకొద్దీ మిగిలింది కూడా పోద్ది. ఎన్నిసార్లు చేసావ్ ఇప్పటికి?"

"ఒకటి రెండుసార్లు సార్." చూడండి, అబద్ధం ఒకటి బయటికొస్తే రెండోది దాని వెనకాలే చెప్పులేసుకుని రెడీగా ఉంటుంది.

"దాన్ని కుదుపు తగలకుండా పట్టుకురా. లేవని మెషీన్ని బయటి నుంచి లేపి చూసే రెస్క్యూ సీడీ నా దగ్గరుంది. నాలుగున్నరకి నేను బయటికెళ్లాలి. తొందరగా రా."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే టీచర్ గారు నా వెనకే నిలబడి ఉన్నారు.

"ఏం పోయింది?"

"ఏం పోలేదండి. నందిగామ తీసుకెళ్తే..."

"నీ మొహంలో రక్తం లేదయ్యా. పద, నేనూ వస్తా. నా నంబరు ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటా."

రెండింటి బస్సు దొరికింది. సీపీయూని పసిబిడ్డలా ఎత్తుకుని ఎక్కాను. ఆవిడ తన చేతిసంచీలోంచి దస్తాలు తీసేసి, ఖాళీ సంచీ మడిచి దాని కింద పెట్టారు, కుదుపు తగలకుండా. తర్వాత శాలువా కూడా తీసి చుట్టారు. కండక్టరు వచ్చి దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఏంటిది? లగేజీ టికెట్ కొట్టాలి."

"కొట్టు నాయనా" అన్నారావిడ. "నా ఉద్యోగం అందులో ఉంది. కావాలంటే దానికి సీటు కూడా ఇవ్వు."

ఇంక ఆ ప్రయాణం గురించి ఏం చెప్పమంటారు! చిల్లకల్లు దాటి హైవే ఎక్కేదాకా ఉన్న ప్రతి గుంటనీ నేను పేరుపేరునా ఎరుగుదును. గుంట రాగానే సీట్లోంచి లేచి, డబ్బాని గాల్లో పట్టుకుని, దాటాక కూర్చునేవాణ్ణి. డిస్కు చచ్చిపోతోందని కదా మాస్టారు చెప్పింది! ఒక్కో కుదుపుకి ఆ పదంకెల్లో ఒక్కో అంకె రాలిపోతున్నట్టే ఉంది నాకు. వెనక సీటు పెద్దాయన "కుర్రాడికి మొలలా అమ్మా?" అని టీచర్ గారిని జాలిగా అడిగాడు.

గౌరవరం దగ్గర బస్సు ఆగింది. ముందు సిమెంటు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. ఇటూ అటూ బారులు తీరిన బళ్లు. టైము రెండూ నలభై. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, బీడీ ముట్టించాడు. నాకు ఏడుపొచ్చింది.

"కోటీ" అన్నారు టీచర్ గారు మెల్లిగా. "నిజం చెప్పు. నువ్వు దీన్నేమన్నా చేసావా?"

"ఒట్టు టీచర్ గారూ. ఏమీ చెయ్యలేదు."

ఆవిడ తల ఊపి కిటికీ బయటికి చూశారు. తనలో తనే చెప్పుకుంటున్నట్టు అన్నారు. "మొన్న ట్రైనింగని పిలిస్తే వెళ్లా. పాఠం చెప్పడానికి ఓ పిల్లొచ్చింది. గవర్నమెంటు టీచరు. నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్లే. నేను బెంచీలో కూర్చున్నా, అది బోర్డు దగ్గర నిలబడింది. నన్ను చూసి 'కూర్చోండి మేడమ్' అంటా తడబడింది. దాని తప్పేముంది? సిగ్గుతో చచ్చిపోయా కోటీ. నా పిల్ల పైకొచ్చిందని సంతోషపడాలా, నేనింకా కిందే ఉన్నానని ఏడవాలా?"

డబ్బాని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. అంతకన్నా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

లారీ కదిలేసరికి మూడు దాటింది. నందిగామలో దిగేసరికి మూడున్నర. ఆటో ఎక్కి కాలేజీకి పోయేసరికి మూడూ నలభై. మాస్టారు ల్యాబులో ఒక్కరే ఉన్నారు. నా వాలకం, శాలువా చుట్టిన డబ్బా, వెనక ఆయాసపడుతున్న టీచర్ గారు, ఇవన్నీ చూసి "ఏరా, ఆస్పత్రికి వెళ్లాల్సినవాళ్లు ఇక్కడికొచ్చారేంటి?" అన్నారు.

నేను టీచర్ గారి దరఖాస్తు సంగతి చెప్పాను. ఆయన నవ్వడం మానేసి, వైర్లు తగిలించి, సీడీ పెట్టారు. సీడీకి గీతలు పడ్డాయి. అది ఒక ముక్క చదివి, ఆలోచించుకుని, మళ్లీ ఒక ముక్క చదువుతోంది. నాలుగయింది. నాలుగూ అయిదు. టీచర్ గారు స్టూలు అంచున కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు, మళ్లీ చుట్టుకుంటున్నారు.

నాలుగూ పదికి తెర మీద ఏవో వరుసలు వచ్చాయి. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"డిస్కు బంగారంలా ఉందిరా. ఒక్క చెడ్డ ముక్క లేదు."

"మరి ఎందుకు లేవట్లేదు సార్?"

"అదే చూస్తున్నా." ఇంకో రెండు కమాండ్లు కొట్టారు. ఆగారు. తెరకి దగ్గరగా వంగారు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగారు. "కోటీ."

"సార్."

"రూట్ పార్టిషన్‌కి, అంటే డిస్కులో ఆ భాగానికి, పేరు ఉంటుంది. అది లేచేటప్పుడు ఆ పేరు చూసే ఇల్లు గుర్తుపడుద్ది. నువ్వు వేసినప్పుడు దాని పేరు ఒక్క ఏటవాలు గీత. ఔనా?"

"ఔను సార్."

"ఇక్కడ ఇంగ్లీషులో శ్రీ అనీ, పక్కనే 786 అనీ ఉంది. ఇదేంట్రా?"

పాఠకులారా, ఇప్పటిదాకా మీ దగ్గర కూడా దాచాను. క్షమించండి. ఎలాగూ మాస్టారి దగ్గరా, టీచర్ గారి దగ్గరా దాచాను కదా, మీరు మాత్రం ఎందుకు ప్రత్యేకం అనుకున్నాను.

అంతకు నెలన్నర ముందు దసరా. మా సెంటర్లో ఆయుధపూజ. శేషగిరిరావు గారు అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టారు. మౌసులకి కూడా పెట్టారు. ఖాదర్ గారు సర్వర్ నుదుటి మీద 786 స్టిక్కరు ఒకటి అంటించారు. "ఏం బావా, మంచి చోటంతా నువ్వే తీసుకుంటే నా శ్రీ ఎక్కడ రాయను?" అని ఈయన. "నీ బొట్లు పది మానిటర్ల మీద ఉన్నయ్ గదా బావా, నాకిదొక్కటే" అని ఆయన. సరదాగా మొదలై, కాస్త మూతిముడుపు దాకా వచ్చింది. మధ్యలో నేను దూరాను. పాతిక కమాండ్లు వచ్చినవాణ్ణి కదా!

"పైన ఎందుకండీ, చెరిగిపోద్ది. ఇద్దరిదీ కలిపి లోపలే రాసేస్తా. హార్డ్ డిస్కు మీదే."

"లోపలా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. "చెరగదా?"

"చచ్చినా చెరగదు."

ఒక్క వరుస కొట్టాను. రూట్ పేరు పోయి శ్రీ 786 వచ్చింది. నడుస్తున్న మెషీను కాబట్టి ఏమీ తేడా తెలియలేదు. ఇంట్లో కూర్చున్నవాడికి బయట బోర్డు మార్చితే ఏం తెలుస్తుంది? తెలిసేది మళ్లీ బయటి నుంచి వచ్చినప్పుడు కదా. ఆ రోజు ఇద్దరూ నా వీపు తట్టి బిర్యానీ పొట్లం ఇప్పించారు. నేను తిని, చెయ్యి కడుక్కుని, ఆ సంగతి మర్చిపోయాను. మర్చిపోయానా, ఫోన్లో మాస్టారు అడిగినప్పుడు మనసులో ఓ మూల చిన్నగా మెదిలిందా? మెదిలిందండి. బిర్యానీ వాసనతో సహా మెదిలింది. కానీ పూజ చేసినదాన్ని మార్పు అంటారా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇదంతా తల దించుకుని చెప్పాను.

"ఫోన్లో ఈ ముక్క చెప్పుంటే" అన్నారు మాస్టారు, ఒక్కొక్క మాటా విడివిడిగా, "నువ్వు అక్కడే, ఆ కుర్చీలోంచి లేవకుండా, రెండు నిమిషాల్లో లేపేవాడివి. ఏం కొట్టాలో నేను చెప్పేవాణ్ణి. ఒంటిగంటా యాభైకి ఈవిడ దరఖాస్తు వెళ్లిపోయేది."

నేను టీచర్ గారి వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. గుంటలు, సిమెంటు లారీ, గౌరవరం దగ్గర ఆవిడ చెప్పిన మాటలు, అన్నీ నా వల్లేనని ఆ నిమిషంలో తెలిసింది. భూమి చీలితే దూకుదామని కిందికి చూశాను. ల్యాబు కదా, గచ్చు గట్టిగా ఉంది.

"తిట్లు తర్వాత" అన్నారావిడ, గడియారం చూస్తూ. "ముందు నా నంబరు."

మాస్టారు ఒక్క వరుస కొట్టారు. పాత పేరు, ఆ ఏటవాలు గీత, మళ్లీ వచ్చింది. సీడీ తీసి మెషీన్ ఆపి ఆన్ చేశారు. అక్షరాలు పరిగెత్తాయి. పందిరి దాకా వచ్చాయి. అది ఎక్కడ ఆగేదో అక్కడ ఆగలేదు. దాటింది. లోపలికి వెళ్లింది. లాగిన్ అడిగింది.

టీచర్ గారి ఫోల్డర్ తెరిచాను. నంబరు ఉంది. ఆవిడ నేను చదువుతుండగానే లేచి వెళ్లి, సుద్దముక్క తీసుకుని, ల్యాబు బోర్డు మీద ఆ పదంకెలూ మూరెడేసి పొడుగున రాశారు. రాసి, వెనక్కి జరిగి, సరిచూసుకుని, కింద రెండు గీతలు కొట్టారు.

నాలుగూ ముప్పై. మాస్టారు వెళ్లాల్సిన టైము. ఆయన వాచీ చూసుకుని, దాన్ని విప్పి జేబులో వేసుకుని, "కానివ్వు" అన్నారు. ఫోటో, సంతకం పెన్‌డ్రైవులో వేసి పక్క కంప్యూటర్లో ఎక్కించబోయాం. వెబ్‌సైటు తిరుగుతోంది. ఆఖరి గంట కదా, రాష్ట్రంలోని నాలాంటి వెధవలు చేసిన పాపాలన్నీ అప్పుడే దాని మీద పడ్డాయి. నాలుగూ ముప్పై ఎనిమిదికి ఫోటో పోయింది. సంతకం ఎర్రర్ ఇచ్చింది. మళ్లీ. నాలుగూ నలభై ఆరు. మళ్లీ. పోయింది. చివరి బొత్తాం మాస్టారు నన్ను ముట్టుకోనివ్వలేదు.

"మీరు నొక్కండమ్మా."

ఆవిడ నొక్కారు. తెల్లటి పేజీ. అలాగే తెల్లగా ఉంది. ఎంతసేపో! నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దరఖాస్తు అందిందని తెర మీద ఉంది. నాలుగూ యాభై మూడు.

ప్రింటు రెండు కాపీలు తీశారు మాస్టారు. ఆవిడ ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఏడ్చేశారు. చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని. మాస్టారు బయటికెళ్లి మంచినీళ్లు తెచ్చారు. నేను కూడా ఏడ్చాను గానీ నన్నెవరూ పట్టించుకోలేదు, నీళ్లు కూడా ఇవ్వలేదు.

తిరుగు బస్సులో ఆవిడ పక్కన కూర్చోవడానికి భయపడి నిలబడ్డాను. "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. తిట్లు ఇప్పుడు మొదలవుతాయనుకుని చెవులు రిక్కించాను. ఆవిడ సంచీలోంచి రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి తీశారు. పెన్ను తీశారు. రెండూ నా చేతిలో పెట్టారు.

"నా క్లాసులో అబద్ధమాడినోళ్లకి నేనేం చేస్తానో తెలుసా కోటీ?"

"తెలీదండి."

"వందసార్లు రాయిస్తా. రాయి. 'ఏమన్నా మార్చావా అని అడిగితే, మార్చింది మార్చానని చెబుతాను.' పేటలో దిగేలోపు అవ్వాలి."

"బస్సు కుదుపులకి అక్షరాలు..."

"కుదుపులేనా? వచ్చేటప్పుడు గాల్లో లేచి మరీ కూర్చున్నావుగా. ఇప్పుడూ అలాగే రాయి."

సీపీయూని బల్లగా పెట్టుకుని రాశాను. పక్కన కూర్చుని ఆవిడ దరఖాస్తు కాగితం నాలుగోసారి చదువుకున్నారు. వెనక సీట్లోవాళ్లు నా భుజం మీంచి చదివి నవ్వుకున్నారు. కండక్టరు వచ్చి "ఏంటి మేడమ్, మీ వాడికి రేపు పరీక్షా?" అని అడిగాడు. "ఇవాళే అయింది. ఫెయిలయ్యాడు" అన్నారావిడ.

చిల్లకల్లు దగ్గర ఆవిడ పుస్తకం తీసుకుని ఎర్ర పెన్నుతో లెక్కపెట్టారు. లెక్కల టీచరు కదా, మోసం సాగదు. నలభై ఒకటి తర్వాత నలభై మూడు వేశానని పట్టుకుని మళ్లీ ఒకటి రాయించారు. పేటలో దిగేటప్పుడు వందో వాక్యం కింద టిక్కు పెట్టి, "గుడ్" అని రాసి, సంతకం పెట్టి, నా చేతిలో పెట్టారు.

ఆవిడకి ఆ ఉద్యోగం వచ్చిందండి. చెప్పకపోతే మీరు నన్ను వదలరని తెలుసు. ఆ తర్వాతి సంవత్సరం ఆవిడ చాక్‌పీసు పట్టుకుని గవర్నమెంటు బడిలో నిలబడ్డారు. నేను ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను, ఎన్నో సర్వర్లు లేపాను, కొన్ని పడుకోబెట్టాను కూడా. అందుచేత, తూర్పు ముఖంగా తిరిగి, కాళ్లు కడుక్కుని, ఇంటిల్లిపాది సాక్షిగా, మీ అందరి ముందు నూట ఒకటోసారి రాస్తున్నాను: ఏమన్నా మార్చావా అని అడిగితే, మార్చింది మార్చానని చెబుతాను. పూజ చేసినా సరే.